కుటుంబ న్యాయస్థానం: అందులో విచారణకు వచ్చే వ్యాజ్యాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. రెండూ కష్టసాధ్యమైన కార్యాలేనని ఆ మాటకు తాత్పర్యం. అయితే కట్టిన ఇల్లు బీటలు వారినప్పుడు ఏమి చేయవలెనో, చేసిన పెళ్ళి చెదిరినప్పుడు ఎవరి గడప తొక్కవలెనో ఆ సామెత చెప్పలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ రెండవ విషయాన్ని గురించే.

దీనికి ఒక కారణం ఉన్నది. కొంత కాలం క్రిందట మా తరగతిలోని ఒక విద్యార్థిని పాఠం ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి నిలబడినది. ఆమె అక్క చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చి రెండేళ్ళు దాటినది. భర్త తలాక్ చెప్పలేదు, తీసుకొనిపోలేదు, పైసా పంపలేదు. కోర్టుకు వెళ్ళుదామని తల్లి అంటే, బస్తీలోని పెద్దలు "ఆ ఫ్యామిలీ కోర్టు మనవాళ్ళకు కాదు, అక్కడ మన షరీఅత్ నడవదు" అన్నారట. "సార్, ఆ కోర్టు మాకు వర్తిస్తుందా, వర్తించదా?" అని ఆ అమ్మాయి అడిగినది. తెలుగు సాహిత్యం బోధించే నాకు ఆ క్షణాన సమాధానం తోచలేదు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ రేపటి కోసం చట్టాలు తిరగవేసి, తెలిసిన న్యాయవాదులను అడిగి తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం. నేను న్యాయశాస్త్ర పండితుడను కాను. అందువలన ఒక సామాన్యుడు తెలుసుకొనదగినంత మేరకే ఇందులో ప్రస్తావిస్తున్నాను.

మొదట ఈ న్యాయస్థానం ఎట్లా పుట్టినదో చూద్దాము. పూర్వం భార్యాభర్తల వ్యాజ్యాలు సాధారణ సివిలు కోర్టులలోనే జరిగేవి. పొలం గట్టు తగాదా, ప్రోనోటు బాకీ, విడాకుల అర్జీ అన్నీ ఒకే న్యాయమూర్తి ఎదుట, ఒకే వరుసలో వాయిదాలు పడుతూ ఉండేవి. మనోవర్తి కోరే స్త్రీ దొంగతనం, కొట్లాట కేసుల నడుమ మేజిస్ట్రేటు కోర్టు వరండాలో బిడ్డను చంకన వేసుకొని నిలబడవలసి వచ్చేది. గెలుపు ఓటములు తేల్చే పద్ధతి ఆస్తి తగాదాకు తగునేమో గాని, ఒకే ఇంటి మనుషుల మధ్య కలతకు తగదని లా కమిషన్ 1974 నాటి తన 59వ నివేదికలో అభిప్రాయపడినది. మహిళా సంస్థలు కూడ ఇటువంటి ప్రత్యేక న్యాయస్థానాలు కావలెనని కోరినవి. తత్ఫలితంగా 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని చేసినది. పది లక్షలకు మించిన జనాభా గల ప్రతి నగరంలో ఇటువంటి న్యాయస్థానం నెలకొల్పడం రాష్ట్ర ప్రభుత్వాల విధి అని, అవసరమని తోచిన ఇతర ప్రాంతాలలో కూడ నెలకొల్పవచ్చునని ఆ చట్టం చెప్పినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణం వంటి నగరాలలో ఇవి పనిచేస్తున్నవి. ఇవి లేని చోట్ల ఆ వ్యాజ్యాలను యథాపూర్వం ఇతర కోర్టులే విచారిస్తవి.

ఫ్యామిలీ కోర్టు అనగానే విడాకుల కోర్టు అని అర్థం చెప్పుకోవడం మనలో పరిపాటి. ఇది పొరపాటు. ఈ చట్టంలోని 7వ సెక్షన్ అక్కడ విచారణకు రాదగిన దావాలను ఏడు తరగతులుగా పేర్కొన్నది. విడాకులు వానిలో ఒక తరగతిలో ఒక భాగం మాత్రమే. ఆ ఏడింటిని క్రమంగా పరిశీలిద్దాము.

మొదటి తరగతి: వివాహబంధాన్ని గురించిన డిక్రీలు

వివాహం చెల్లదని ప్రకటించడం, దాంపత్య హక్కుల పునరుద్ధరణ, న్యాయపరమైన ఎడబాటు, వివాహ రద్దు అనే నాలుగు కోరికలు ఇందులో చేరుతవి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనింపవలెను. న్యాయస్థానం అందరికీ ఒక్కటే గాని, అందులో తీర్పుకు ఆధారమయ్యే వివాహ చట్టం ఎవరిది వారిదే. హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ఏ మతస్థులైనను ప్రత్యేక వివాహం చేసుకొన్నవారికి 1954 నాటి చట్టం వర్తిస్తవి. ముస్లింల వివాహం, తలాక్, మెహర్, సంరక్షకత్వం మొదలైన విషయాలలో షరీఅత్ సూత్రాలే ఆధారమని 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం చెప్పుచున్నది. కాబట్టి "అక్కడ మన షరీఅత్ నడవదు" అన్న మాట సరికాదు. న్యాయమూర్తి ఏ మతస్థుడైనను, ముస్లిం దంపతుల వివాహాన్ని గురించి తీర్పు చెప్పునప్పుడు ముస్లిం ధర్మశాస్త్రాన్నే అన్వయించవలసి ఉంటుంది.

భార్య తనంతట తాను కోర్టుకు వెళ్ళి వివాహ రద్దు కోరుటకు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం మార్గం చూపినది. భర్త నాలుగు సంవత్సరాలుగా ఆచూకీ లేకుండా పోవడం, రెండు సంవత్సరాలుగా పోషణ ఇవ్వకపోవడం, ఏడు సంవత్సరాలు గాని అంతకు మించి గాని కారాగార శిక్ష పడడం, సరియైన కారణం లేకుండా మూడు సంవత్సరాలు దాంపత్య ధర్మాలు నెరవేర్చకపోవడం, రెండు సంవత్సరాలుగా మతిభ్రమణానికి లోనై ఉండడం, క్రూరంగా ప్రవర్తించడం మొదలైనవి అందులోని కారణాలు. క్రూరత్వం అంటే చేయి చేసుకోవడమే అని కాదు. భార్య ఆస్తిని ఆమెకు కాకుండా చేయడం, ఆమె మతాచరణకు అడ్డు తగలడం, ఒకరికంటె ఎక్కువ భార్యలున్నప్పుడు ఖురాన్ ఆదేశించిన విధంగా సమానంగా చూడకపోవడం కూడ క్రూరత్వమేనని ఆ చట్టం స్పష్టంగా చెప్పినది. ఈ చట్టం క్రింద వివాహం రద్దయినంత మాత్రాన స్త్రీకి రావలసిన మెహర్ హక్కుకు భంగం కలుగదు. మా విద్యార్థిని అక్క విషయంలో రెండు సంవత్సరాలు గడచినవి అన్న మాటకు చట్టంలో ఎంత విలువ ఉన్నదో దీనివలన తెలియుచున్నది.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటే విడిచి వెళ్ళినవారిని తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం. ఇది మనిషి స్వేచ్ఛకు విరుద్ధం కాదా అన్న ప్రశ్న మన తెలుగునాటనే బలంగా లేచినది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి. ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలో దీనికి సంబంధించిన 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరింపక, ఆ సెక్షన్ చెల్లునని నిర్ణయించినది. ముస్లిం దంపతుల మధ్య కూడ ఈ దావా నడచును. అయితే భర్త రెండవ వివాహం చేసుకొన్న పరిస్థితులలో మొదటి భార్యను బలవంతంగా కాపురానికి పంపడం న్యాయం కాదని 1960లోనే అలహాబాదు హైకోర్టు అటువంటి ఒక దావాను త్రోసిపుచ్చినది.

రెండవ తరగతి: వివాహస్థితి నిర్ధారణ

ఇరువురి మధ్య వివాహం జరిగినదా, అది చెల్లునా, అది ఇప్పటికీ నిలిచి ఉన్నదా అనే సందేహాలు ఈ తరగతికి చెందుతవి. పైకి చూడగా ఇది చిన్న విషయంగా కనబడును. కాని ఒక స్త్రీ భార్యా, కాదా అన్నది తేలకపోతే ఆమె మనోవర్తి, మెహర్, పునర్వివాహం, భర్త ఉద్యోగంలో ఉండి చనిపోతే పింఛను, ఇవన్నీ మధ్యలో ఆగిపోతవి.

తలాక్ విషయంలో ఈ తరగతి వ్యాజ్యాలు ఎక్కువ. తలాక్‌కు తగిన కారణం ఉండవలెనని, ముందుగా ఇరువైపుల మధ్యవర్తుల ద్వారా సయోధ్యకు ప్రయత్నం జరిగి ఉండవలెనని, కోర్టులో వేసిన జవాబు పత్రంలో "ఎప్పుడో తలాక్ ఇచ్చినాను" అని వ్రాసినంత మాత్రాన అది తలాక్ కాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పినది. ఒకే ఊపిరిలో మూడుసార్లు చెప్పే తలాక్ చెల్లదని 2017 ఆగస్టు 22న అదే కోర్టు తీర్పు ఇచ్చినది. అటుపిమ్మట 2019లో వచ్చిన చట్టం దానిని మూడు సంవత్సరాల వరకు శిక్షింపదగిన నేరం చేసినది. ఆ నేర విచారణ మాత్రం కుటుంబ న్యాయస్థానంలో గాక మేజిస్ట్రేటు కోర్టులో జరుగును.

భార్య కోరుకొనే విడాకులను ఖులా అంటారు. భర్త ఒప్పుకొంటేనే ఖులా అన్న భావం మనలో పాతుకొనిపోయినది. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పులో, ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణమైనదని, అది భర్త సమ్మతిపై ఆధారపడదని, ముఫ్తీ ధ్రువపత్రం అందుకు అనివార్యం కాదని చెప్పినది. ఆ ఖులాకు న్యాయముద్ర వేసి, ఇరువురి స్థితిని నిర్ధారించడం కుటుంబ న్యాయస్థానం చేయవలసిన పని.

మూడవ, నాలుగవ, ఐదవ తరగతులు

మూడవది దంపతుల ఆస్తికి సంబంధించినది. ఇద్దరి పేరనో ఒకరి పేరనో ఉన్న ఇల్లు, పెళ్ళినాడు పెట్టిన బంగారం, పుట్టింటివారు ఇచ్చిన సామాను తిరిగి రాబట్టుకొనే దావాలు ఇందులోనివి. విడాకులు అయిపోయిన తరువాత ఈ కోర్టుకు అధికారం ఉండదని కొందరు వాదించేవారు. ఒకప్పటి దంపతుల నడుమ ఆస్తి తగాదాను కూడ ఇక్కడే విచారించవచ్చునని 2003లో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక ముస్లిం దంపతుల వ్యాజ్యంలో తేల్చి చెప్పినది. అయితే అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ళ మధ్య వారసత్వపు పంపకాలు ఈ కోర్టు పరిధిలోనివి కావు. వానికి సివిలు కోర్టునే ఆశ్రయించవలెను.

నాలుగవది వివాహ సంబంధం నుండి పుట్టిన పరిస్థితులలో నిషేధపు ఉత్తర్వులు కోరడం. ఇంటి నుండి గెంటివేయరాదనో, బిడ్డను ఊరు దాటించరాదనో కోరుట ఇటువంటిది. ఐదవది ఒక బిడ్డ న్యాయసమ్మతమైన సంతానమేనా అన్న ప్రశ్న. ఇటువంటి దావాలు ఎక్కువగా రావు గాని, వచ్చినప్పుడు ఏ పాపం ఎరుగని పసివాని గౌరవం, వారసత్వం రెండూ అందులో చిక్కుకొని ఉంటవి.

ఆరవ తరగతి: మనోవర్తి

ఈ న్యాయస్థానం గడప తొక్కే పేద స్త్రీలకు అన్నింటికంటె అత్యవసరమైనది ఇది. భార్యకు భర్త ఇవ్వవలసిన పోషణకు తెలుగులో మనోవర్తి అని చక్కని మాట ఉన్నది. భరణం అని కూడ అంటాము. ఆ భరణాన్ని పొందుటకు మతభేదం లేకుండా వర్తించే మార్గం క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షన్. 2024 జూలై 1 నుండి ఆ కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చినది. ఇప్పుడు అదే నిబంధన అందులో 144వ సెక్షన్‌గా ఉన్నది. కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట ఈ దరఖాస్తును అక్కడే విచారిస్తారు. తనను తాను పోషించుకొనలేని భార్య, మైనరు బిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు దీనికి అర్హులు. భర్త నివసించే ఊరికే పోనవసరం లేదు. భార్య తాను నివసిస్తున్న చోటనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ముస్లిం స్త్రీలకు ఇది వర్తించునా అన్న విషయంలో నలభై ఏళ్ళ చరిత్ర ఉన్నది. 1985 ఏప్రిల్ 23న షా బానో వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడ 125వ సెక్షన్ వర్తిస్తుందని చెప్పినది. దేశమంతటా వాదోపవాదాలు చెలరేగినవి. 1986లో పార్లమెంటు విడాకులు పొందిన ముస్లిం స్త్రీల కోసం వేరే చట్టం చేసినది. ఆ చట్టం ఇద్దత్ కాలానికి మాత్రమే భరణాన్ని పరిమితం చేసినదని చాలామంది అనుకొన్నారు. 2001లో డానియల్ లతీఫీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, అందులోని మాటలకు సరియైన అర్థం చెప్పినది. భర్త ఇద్దత్ కాలం లోపల చేయవలసిన న్యాయమైన ఏర్పాటు ఆ కాలానికి మాత్రమే గాక, ఆమె భవిష్యత్తుకు కూడ సరిపడునట్లు ఉండవలెనని నిర్ణయించినది. చివరకు ఈ సందేహం మన తెలంగాణ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంతోనే తీరినది. ఒక కుటుంబ న్యాయస్థానం భార్యకు నెలకు 20,000 రూపాయల తాత్కాలిక మనోవర్తి ఇవ్వవలెనని ఆదేశించినది. హైకోర్టు దానిని 10,000కు తగ్గించినది. 1986 చట్టం ఉండగా 125వ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళినాడు. 2024 జూలై 10న ఆ వాదం త్రోసివేయబడినది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి రెండు మార్గాలూ తెరిచియే ఉన్నవని ఆ తీర్పు సారాంశం.

బిడ్డల విషయంలో సందేహానికి తావే లేదు. తల్లి విడాకులు పొందినను, పొందకపోయినను, ముస్లిం బిడ్డలు తండ్రి నుండి 125వ సెక్షన్ క్రింద పోషణ పొందవచ్చునని, అది రెండేళ్ళ వయసుతో ఆగిపోదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పినది. తల్లిదండ్రులను పోషించే బాధ్యత కొడుకులదే గాక, సంపాదన గల కూతుళ్ళది కూడ అని 1987లో అదే కోర్టు చెప్పిన సంగతి మన విద్యార్థినులు గుర్తుంచుకొనవలెను. చదువు హక్కులతో పాటు బాధ్యతలను కూడ తెచ్చును కదా!

భర్తలకు కూడ ఇందులో రక్షణ లేకపోలేదు. తగిన కారణం లేకుండా కాపురానికి రాని భార్యకు, ఉభయుల సమ్మతితో విడిగా ఉంటున్న భార్యకు ఈ సెక్షన్ క్రింద మనోవర్తి రాదు. అయితే భర్త మరొక వివాహం చేసుకొన్నట్లయితే కాపురానికి రాకపోవడానికి అది తగిన కారణమే అగును. ఇరువురూ తమ ఆదాయాన్ని, ఆస్తిని, అప్పులను ప్రమాణపత్రం ద్వారా వెల్లడించవలెనని, మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుండి ఇప్పించవలెనని 2020లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చినది. ఆదేశించిన సొమ్ము చెల్లించకపోతే వారంటు జారీ చేయవచ్చును, జైలుకు కూడ పంపవచ్చును. కాని బాకీ పడిన నాటి నుండి ఒక సంవత్సరం లోపల దానిని వసూలు చేయమని దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ చిన్న గడువు తెలియక, "ఇస్తాడులే" అని ఎదురుచూస్తూ హక్కు పోగొట్టుకొనువారు ఉంటారు.

ఏడవ తరగతి: బిడ్డల సంరక్షణ

బిడ్డ ఎవరి వద్ద ఉండవలెను, రెండవవారు ఎప్పుడు చూడవచ్చును, బిడ్డ తరఫున సంరక్షకుడు ఎవరు అనే ప్రశ్నలు ఇందులోనివి. మన ధర్మశాస్త్రం ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదం చూపినది. పెంపకపు హక్కు హిజానత్, సంరక్షకత్వం విలాయత్. హనఫీ సంప్రదాయం ప్రకారం మగబిడ్డకు ఏడేళ్ళు వచ్చువరకు, ఆడబిడ్డ యుక్తవయస్కురాలగు వరకు హిజానత్ తల్లిది. విలాయత్ తండ్రిది. అంటే బిడ్డ తల్లి ఒడిలో ఉన్నంత మాత్రాన తండ్రి ఖర్చుల భారం తీరిపోదు. కుటుంబ న్యాయస్థానం ఈ నియమాలను పరిశీలించునప్పుడు, 1890 నాటి సంరక్షకుల చట్టాన్ని అనుసరించి బిడ్డ క్షేమాన్ని ముందుంచుకొనును. తెలివి వచ్చిన బిడ్డ అయితే ఆ బిడ్డ ఇష్టాన్ని కూడ అడిగి తెలుసుకొనవచ్చును. బిడ్డ పందెంలో గెలుచుకొనే వస్తువు కాదు. తల్లినో తండ్రినో ఓడించడానికి బిడ్డను దాచిపెట్టేవారు అన్నిటికంటె ముందు ఆ బిడ్డనే ఓడిస్తున్నారు.

రాజీ అన్న మాటకు అర్థం

విచారణ పద్ధతిలో కూడ ఈ న్యాయస్థానం ఇతర కోర్టుల వంటిది కాదు. ఉభయులలో ఎవరు కోరినను విచారణ తలుపులు మూసి జరుపవలెను. కాబట్టి ఇంటి గుట్టు బజారున పడునన్న భయం అక్కరలేదు. వకీలును పెట్టుకొనుట ఇక్కడ హక్కుగా రాదు, న్యాయమూర్తి అనుమతితో పెట్టుకొనవచ్చును. సాక్ష్యపు నియమాల బిగింపు కూడ తక్కువ. వివాదం తీర్చుటకు పనికివచ్చు పత్రాన్ని దేనినైనను న్యాయమూర్తి పరిశీలించవచ్చును. స్త్రీలకు వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి చట్టం క్రింద ఉచిత న్యాయసహాయం లభించును. జిల్లా న్యాయసేవా సంస్థ కార్యాలయంలో అడిగితే చాలు.

అన్నింటికంటె ముఖ్యమైనది సయోధ్య. విచారణకు ముందు, వీలైన చోటనెల్ల, దంపతుల మధ్య రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి విధి అని చట్టం చెప్పినది. అందుకు సలహాదారులు ఉంటారు. ఇక్కడ ఒక భాషావిషయం చెప్పుట అప్రస్తుతం కాదనుకొంటాను. మన తెలుగు కోర్టు భాషలో దావా, వకీలు, హాజరు, వాయిదా, రాజీ అన్నవన్నీ ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ మాటలే. వాయిదా అంటే మూలంలో వాగ్దానం. మనకేమో అది జాప్యానికి మారుపేరైనది. రాజీ అంటే ఉర్దూలో మనసారా ఒప్పుకొన్నవారు అని అర్థం. నిఖా సమయంలో వధువును అడిగేది కూడ ఈ రజామందీ గురించే. తెలుగులో మాత్రం రాజీ అంటే ఎంతో కొంత వదులుకొని సర్దుకొనిపోవడం అన్న అర్థం స్థిరపడినది. కుటుంబ న్యాయస్థానంలో జరగవలసినది మూలార్థంలోని రాజీ. పెద్దల ఒత్తిడికి లొంగి, చదవకుండా సంతకం పెట్టినది రాజీ కాదు. ఇది మాటలకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. సాధారణంగా ఈ కోర్టు తీర్పుపై 30 రోజులలో హైకోర్టుకు అప్పీలు చేసుకొనవచ్చును. మనోవర్తి ఉత్తర్వుపై రివిజను కోరవచ్చును. కాని ఉభయుల సమ్మతితో ఇచ్చిన డిక్రీపై అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టకముందే ప్రతి పంక్తి చదువుకొనవలెను, చదువురానివారికి మనం చదివి వినిపించవలెను.

ఈ కోర్టులో విచారింపబడని వ్యవహారాలు కూడ కొన్ని ఉన్నవి. వరకట్నపు వేధింపు, భార్యపై క్రూరత్వం నేరాలుగా క్రిమినలు కోర్టులకు పోవును. 2005 నాటి గృహహింస చట్టం క్రింద రక్షణ కోరువారు మేజిస్ట్రేటు వద్దకు వెళ్ళవలెను. అయితే తమ వ్యాజ్యం అప్పటికే కుటుంబ న్యాయస్థానంలో ఉన్నట్లయితే ఆ చట్టంలోని ఉపశమనాలను అక్కడ కూడ అడుగవచ్చును.

ఖాజీ సాహెబులు, జమాత్ పెద్దలు ఇక అవసరం లేరా అని ఎవరైన అడుగవచ్చును. అవసరమే. ఇరువైపుల నుండి మధ్యవర్తులను నియమించి సయోధ్యకు ప్రయత్నించుమని ఖురాన్ ఆదేశమే ఉన్నది. మంచి మాటతో కాపురం నిలబెట్టిన పెద్దలకు ఏ కోర్టూ సాటి రాదు. అయితే 1880 నాటి ఖాజీల చట్టమే, ఖాజీకి న్యాయాధికారం సంక్రమించదని చెప్పుచున్నది. దారుల్ ఖజాల నిర్ణయాలకు చట్టబద్ధత లేదని, వానిని ఎవరిపైనను బలవంతంగా రుద్దరాదని, స్వచ్ఛందంగా సలహా కోరుట మాత్రం తప్పు కాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. పెద్దల పంచాయితీ మొదటి మెట్టు. ఆ మెట్టు మీదనే రెండేళ్ళు కూర్చోబెట్టి, పై మెట్టు ఎక్కనీయకపోవడం ధర్మం కాదు.

మా విద్యార్థినికి మరునాడు నేను చెప్పినది ఇంతే: "వర్తిస్తుందమ్మా. మీ అక్క నిఖానామా ఎక్కడ ఉన్నదో వెదకు." ఇల్లంతా వెదకగా అది ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి చీర మడతల్లో దొరికినదట. అందులో వ్రాసిన మెహర్ మొత్తం ఎంతో ఆ నాటి వరకు ఆ ఇంటిలో ఏ స్త్రీకీ తెలియదు. న్యాయసేవా సంస్థ సహాయంతో మనోవర్తికి దరఖాస్తు పెట్టినారు. కొంత కాలానికి తాత్కాలిక మనోవర్తి ఉత్తర్వు వచ్చినది. బిడ్డను బడిలో వేసినారు. కాపురం నిలుచునా, నిలువదా అన్నది ఇంకను తేలలేదు. కాని అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చొనే స్థితిలో ఆమె ఇప్పుడు లేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇండ్లలో జరిగే ప్రతి నిఖాలో నిఖానామా ప్రతిని ఇరువైపులవారు దాచుకొనునట్లు చూడండి. మెహర్ ఎంత, ఎంత చెల్లినది, ఎంత మిగిలినది అందులో స్పష్టంగా వ్రాయించండి. పెండ్లికొడుకుకు, పెండ్లికూతురుకు ఇచ్చిన వస్తువుల జాబితా వ్రాసి సంతకాలు చేయించండి. బిడ్డల జనన ధ్రువపత్రాలు భద్రపరచండి. వ్యాజ్యం వచ్చునన్న అపనమ్మకంతో కాదు, కుటుంబపు లెక్క శుభ్రంగా ఉండవలెనన్న ఉద్దేశంతో ఈ పని చేయండి.

మా కళాశాల కమిటీవారికి ఒక మనవి. సంవత్సరానికి ఒక్కసారి జిల్లా న్యాయసేవా సంస్థవారిని పిలిపించి ఉర్దూలోను, తెలుగులోను ఈ విషయాలపై ఉపన్యాసం ఏర్పాటు చేయగలరు. ఆనాడు విద్యార్థులతో పాటు వారి తల్లులను కూడ ఆహ్వానించవలెనని నా ప్రార్థన. ఆ ట్రంకు పెట్టెల తాళం చెవులు వారి కొంగులకే కదా ఉన్నవి.